నిర్భీక్ కొత్తది, గుమ్మం పాతది

ఆడవాళ్ల మీద ఎక్కడ ఘోరం జరిగినా విశాఖలో ఒక మాట మళ్లీ లేస్తుంది: వాళ్ల చేతికో తుపాకి ఇస్తే సరిపోతుంది కదా అని. రాత్రి షిఫ్టు దిగి గాజువాకలో ఆటో కోసం నిలబడే అమ్మాయికి, కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ చేసే నర్సుకు అది సబబుగానే తోస్తుంది. ఏ తుపాకి మంచిది, పర్సులో పడుతుందా అని ఆరా తీసేవాళ్లూ ఉన్నారు. అసలు లైసెన్సు ఇస్తారా అన్న ప్రశ్న దగ్గరే చాలామంది కథ ఆగిపోతుంది. ఎందుకాగుతుందో తెలియాలంటే 1878కి వెళ్లాలి.

ఆ ఏడాది వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. 1857 తిరుగుబాటు భయం తెల్లవాళ్లకింకా తీరలేదు. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టకూడదు, దొరలకు మాత్రం మినహాయింపు. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టమూ అదే ఏడాది వచ్చింది. దాన్ని 1882లో రిప్పన్ ఎత్తేశాడు, ఆయుధాల చట్టం జోలికి మాత్రం పోలేదు. ఇది మనకు దూరపు చరిత్రేమీ కాదు. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడిందంటే అక్కడి తుపాకుల కోసమే. మూడు చోట్లా కలిపి 26 దొరికాయి. అప్పట్లో మన్యంలో పనికొచ్చే తుపాకి ఉన్న చోటు ఠాణాయే మరి.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. జాతి తేడా పోయింది, లైసెన్సు ఉండిపోయింది. 9 ఎంఎం, పాయింట్ 38 లాంటివి నిషిద్ధ బోర్ల (బోరంటే గొట్టం లోపలి కొలత) కింద పెట్టి మామూలు జనానికి పాయింట్ 32, పాయింట్ 22 లాంటివి వదిలారు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి కూడా కట్టడి కావడంతో, కొనేవాళ్లకు ప్రధానంగా మిగిలింది సర్కారు ఫ్యాక్టరీల సరుకే.

2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. పాయింట్ 32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమంతో సుమారు అర కిలో బరువు. ఆడవాళ్ల కోసమే అని ప్రచారం చేశారు. అప్పటి ధర 1,22,360 రూపాయలు! నెల జీతం మీద బతికే మనిషి ఆ అంకె చూసి పక్కకు తప్పుకుంటుంది. (మరుసటి నెలలోనే విజయవాడ ఎంపీ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. లైసెన్సు అక్కర్లేని ఆ డబ్బాకు అంత ప్రచారం ఇంకెవరూ చేయలేదు.)

తేలికది అయితే ఆడవాళ్లకు మేలన్నది అమ్మేవాళ్ల మాట. బరువు తగ్గేకొద్దీ పేలినప్పుడు చేతికి తగిలే కుదుపు పెరుగుతుంది. రివాల్వర్ ట్రిగ్గర్ సహజంగా గట్టిది, వేలికి బలం చాలకపోతే నొక్కేలోపే గొట్టం పక్కకు జరుగుతుంది. కాన్పూర్ పాత రకాల్లో తూటాలు నింపాలంటే తుపాకిని మధ్యకు విరిచినట్టు వంచాలి. 2023లో వచ్చిన 'ప్రబల్' రివాల్వర్‌లో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. దాని బరువు 700 గ్రాములు. చేతికి పట్టు కుదిరిందా, వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందిందా అన్నది చూడాలి, దాని తర్వాతే బరువు.

2016 ఆయుధాల నిబంధనల్లో ఒక మంచి పని జరిగింది: సురక్షితంగా వాడటంలో, దాచడంలో శిక్షణ తప్పనిసరి చేశారు. బహిరంగ స్థలంలో హ్యాండ్‌గన్‌ను ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్ (తుపాకి ఒర)లోనో, బ్యాగులాంటి దాంట్లోనో పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకోవాలి. బ్యాగుకు చట్టం ఒప్పుకున్నా నేనైతే ఒప్పుకోను. తాళాల గుత్తి, పెన్ను, దువ్వెన మధ్య పడి ఉన్న రివాల్వర్ ట్రిగ్గర్‌కు ఏది తగులుకుంటుందో ఎవరు చెప్పగలరు? బైకు మీద వచ్చి బ్యాగు లాక్కుపోతే ఆయుధం దొంగ చేతికి. ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్, అది ఒంటి మీద ఉండాలి. చీర మీద అది ఎంత కష్టమో డిజైను చేసినవాళ్లకు తట్టినట్టు లేదు. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన పెట్టె, తూటాలు వేరే చోట.

నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. స్థానిక స్టేషన్ విచారణ నివేదిక కావాలి, ప్రాణానికి ముప్పుందని చూపాలి. 'రోజూ రాత్రి పదకొండుకు ఇంటికొస్తాను' అన్నది ఒక్కటే ముప్పుగా నిలవడం కష్టం. భర్తో తండ్రో పోయాక వారసురాలిగా అడిగే దారి కూడా ఉంది, దానికీ ఇవే పరిశీలనలు. లైసెన్సు లేని నాటు తుపాకి ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల జైలు.

అత్యాచారయత్నాన్ని అడ్డుకునే క్రమంలో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆత్మరక్షణ హక్కు వర్తిస్తుంది. నాడు ఐపీసీ 100వ సెక్షన్, నేడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 38వ సెక్షన్ చెప్పేది అదే. అయితే జాతీయ నేర గణాంకాల్లో ఏటా అత్యాచార కేసుల నిందితుల్లో తొంభై శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లే. చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుణ్ని ఊహించుకుని కొనే రివాల్వర్, వంటింటి దాకా వచ్చే చుట్టం ముందు బీరువాలోనే ఉంటుంది.

ఇంత తిప్పలు పడి తెచ్చుకున్నా, ఎన్నికల షెడ్యూలు రాగానే దాన్ని స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోమని పోలీసులు చెప్పడం మామూలే. మినహాయింపు కావాలంటే స్క్రీనింగ్ కమిటీ ముందు ప్రాణముప్పు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.