వాల్వు మార్చేటప్పుడు బ్లాకులను ఏం చేయాలి?

ఎనభై దాటిన పెద్దాయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎకో తీస్తే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని వాల్వుకు, అంటే బృహద్ధమని కవాటానికి, కాల్షియం పట్టి, రేకులు గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదని తేలింది. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టంతో కొత్త వాల్వును పంపి అమర్చే టావీ పద్ధతి సరిపోతుందన్నారు. ఆనవాయితీ ప్రకారం ముందుగా యాంజియోగ్రామ్ తీశారు. అందులో రెండో చిక్కు బయటపడింది: గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనిలో 75 శాతం బ్లాక్. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. "ఎలాగూ లోపలికి వెళ్తున్నారు కదా డాక్టరుగారూ, ఆ స్టెంటు కూడా వేసేయకూడదా?"

న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి గట్టి ఆధారంతో జవాబు చెప్పడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ జవాబు కూడా అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో తేలేది కాదు.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కనిపించడం వింతేమీ కాదు. వయసు, అధిక రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు రెండింటినీ పెంచి పోషిస్తాయి. టావీ తొలినాళ్ల పరిశోధనల్లో చేరిన వృద్ధుల్లో సుమారు సగం మందికి కరోనరీ జబ్బు కూడా ఉంది.

అసలు తికమక లక్షణాల దగ్గరే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న బృహద్ధమని కవాటం తెరుచుకున్నప్పుడు ఆ దారి 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అది ఒక చదరపు సెంటీమీటరు కంటే తగ్గితే జబ్బు తీవ్రమైనట్టు లెక్క. అంత ఇరుకు సందులోంచి రక్తాన్ని నెట్టడానికి గుండెలో ఎడమవైపు కింది గది అయిన ఎడమ జఠరిక శ్రమపడి మందమవుతుంది. మందమైన కండరానికి ఎక్కువ రక్తం కావాలి. కరోనరీ ధమనులు బయలుదేరేది సరిగ్గా ఈ కవాటానికి పైనే. వాటిలోకి రక్తం ఎక్కువగా పారేది గుండె వదులయ్యే క్షణాల్లో. లోపల ఒత్తిడి పెరిగి, వదులయ్యే వ్యవధి తగ్గితే ధమనుల్లో ఒక్క బ్లాకు లేకపోయినా ఛాతీ నొప్పి వస్తుంది. కాబట్టి రెండు జబ్బులూ ఉన్నవారికి నొప్పి వస్తే నేరం కవాటానిదా, బ్లాకుదా? వాల్వు మార్చాక ఎంతోమందికి స్టెంటు లేకుండానే నొప్పి తగ్గిపోతుంది. బ్లాకు కనిపించిందల్లా తెరవాలన్న తొందర నాకు మొదటి నుంచీ నచ్చనిది ఇందుకే.

కంటికి కనిపించే శాతాన్ని పక్కనపెట్టి, ఆ బ్లాకు రక్తప్రవాహాన్ని నిజంగా ఎంత అడ్డుకుంటోందో కొలిచే పద్ధతి ఉంది. దాన్ని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. పీడనం కొలిచే సన్నని తీగను బ్లాకు దాటించి, మందుతో రక్తనాళాలను వ్యాకోచింపజేసి, బ్లాకుకు అవతలి పీడనాన్ని ఇవతలి పీడనంతో భాగిస్తారు. 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఆ బ్లాకు లెక్కలోకి వచ్చినట్టే. అయితే కవాటం బిగుసుకుపోయిన గుండెలో చిన్న రక్తనాళాలు అవసరం కొద్దీ ముందే సాగి ఉంటాయి, మందు ఇచ్చినా ఇక పెద్దగా సాగవు. దాంతో బ్లాకు ఉన్నదానికంటే తేలికైనదిగా కనిపించవచ్చు. వాల్వు మార్చిన తర్వాత అదే బ్లాకును కొలిస్తే అంకె ఇంకా కిందికి దిగడం చూశారు. 0.82, 0.83 లాంటి అంకెలు వచ్చినప్పుడు వైద్యులు నుదురు చిట్లించేది అందుకే.

ఈ కథలో డెన్మార్క్ పేరు రెండుసార్లు వస్తుంది. 1989లో ఆర్హస్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ అనే యువ వైద్యుడు మాంసం కొట్టు నుంచి పంది గుండెలు తెచ్చుకుని, వాటి కవాటాలను లోహపు తీగతో చేసిన చట్రంలో కుట్టి, ముడిచి, గొట్టం ద్వారా ఒక పంది గుండెకు చేర్చాడు. మనిషిలో తొలిసారి ఈ పని చేసింది ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియే, 2002 ఏప్రిల్‌లో. రెండోసారి డెన్మార్క్ పేరు వినిపించింది 2024లో, కోపెన్‌హాగెన్ వైద్యుల సారథ్యంలో జరిగిన నోషన్-3 అనే పరిశోధనతో.

దానికి ముందు, 2021లో యాక్టివేషన్ అనే పరిశోధన వెలువడింది. 235 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు టావీకి ముందు స్టెంటు వేశారు, రెండో గుంపుకు వేయలేదు. ఏడాదిలో చనిపోయినవారూ మళ్లీ ఆసుపత్రిలో చేరినవారూ కలిపి స్టెంటు గుంపులో 41.5 శాతం, మరో గుంపులో 44 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు, పైగా స్టెంటు వేసినవారిలో రక్తస్రావం ఎక్కువ. స్టెంటు దండగ అని చాలామంది అనుకున్నారు. కానీ అందులో బ్లాకులను చూపుతో అంచనా కట్టారే తప్ప ఎఫ్ఎఫ్ఆర్‌తో ఎంచలేదు.

నోషన్-3 ఆ లోటు తీర్చింది. ఎఫ్ఎఫ్ఆర్ 0.80 లేదా అంతకు తక్కువ ఉన్న బ్లాకులను, లేదంటే చూడగానే 90 శాతం, ఆపైన ఉన్నవాటినే తీసుకున్నారు. 455 మంది, మధ్యస్థ వయసు 82. సుమారు రెండేళ్ల తర్వాత చూస్తే మరణం, గుండెపోటు, అత్యవసరంగా బ్లాకు తెరవాల్సి రావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురైనవారు స్టెంటు గుంపులో 26 శాతం, మందులతోనే సరిపెట్టిన గుంపులో 36 శాతం. ఈ లాభం ప్రధానంగా గుండెపోట్లూ అత్యవసర చికిత్సలూ తగ్గడం వల్ల వచ్చిందే. స్టెంటు ప్రాణాయుష్షు పెంచుతుందని చెప్పేంత తేడా తేలలేదు. మరోవైపు రక్తస్రావం స్టెంటు గుంపులో 28 శాతం, రెండో గుంపులో 20 శాతం. నూటికి పదిమందికి మేలు, ఎనిమిదిమందికి రక్తస్రావం. రెండూ ఒకే తూకం కావు, నిజమే. అయినా ఎనభై రెండేళ్ల మనిషికి కడుపులోనో మెదడులోనో రక్తం కారడం చిన్న సంగతి అని ఎవరూ అనలేరు.

రక్తస్రావం ఎందుకంటే మందుల వల్ల. టావీ ఒక్కటే అయితే చాలామందికి ఆస్పిరిన్ ఒక్కటే చాలు. పాపులర్ టావీ అనే పరిశోధన 2020లో దీన్ని తేల్చింది: ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో ఏడాదిలో రక్తస్రావం 15.1 శాతం, రక్తం గడ్డకట్టకుండా ఆపే మరో మాత్ర క్లోపిడోగ్రెల్ కూడా కలిపితే 26.6 శాతం. స్టెంటు పడిందంటే ఆ రెండో మాత్ర కొన్నాళ్లయినా తప్పదు. గుండె లయ తప్పి ఇప్పటికే రక్తం పలచబడే మందు వాడుతున్నవారైతే లెక్క ఇంకా బిగుస్తుంది.

సరే, వేయాలనే తేలితే ఎప్పుడు? నోషన్-3లో ఎక్కువమందికి టావీకి ముందే వేశారు. అందులో ఒక సౌకర్యం ఉంది. బెలూన్‌తో విప్పే వాల్వును కుదుర్చేటప్పుడు అది కదలకుండా ఉండాలని గుండెను నిమిషానికి 180 సార్లకు పైగా కొట్టుకునేలా చేస్తారు. ఆ కొన్ని క్షణాలు రక్తపోటు పడిపోతుంది. ప్రధాన ధమనిలో గట్టి బ్లాకు ఉన్న గుండెకు అది పరీక్షే. రెండూ ఒకేసారి చేస్తే రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు మోతాదు పెరిగి మూత్రపిండాల మీద భారం పడుతుంది. వాల్వు ముందు అమర్చి, నొప్పి మిగిలితేనే స్టెంటు ఆలోచిద్దామనేవారూ ఉన్నారు. ఆ వాదనలో పస ఉంది గానీ దానికో అడ్డంకి ఉంది: కొత్త వాల్వు చట్రం.

కొన్ని వాల్వుల లోహపు చట్రం పొట్టిది, కరోనరీ ధమనుల ద్వారాలకు పెద్దగా అడ్డురాదు. ఎవల్యూట్ లాంటివి వాటంతట అవే విచ్చుకునే రకం. వాటి చట్రం పొడుగ్గా ఆ ద్వారాలను దాటి పైకి వెళ్తుంది. తర్వాతెప్పుడైనా యాంజియోగ్రామ్ తీయాలంటే కిటికీ ఊచల మధ్య నుంచి చేయి దూర్చినట్టు, చట్రపు గళ్లలోంచి గొట్టాన్ని దూర్చాలి. రీ-యాక్సెస్ అనే పరిశోధనలో 300 మందికి టావీ కాగానే మళ్లీ ప్రయత్నిస్తే 23 మందిలో ధమని ద్వారం అందలేదు. వారిలో ఒక్కరు తప్ప అందరికీ అమర్చింది ఎవల్యూటే. ఇప్పుడు వాల్వు రేకుల అతుకులు ధమని ద్వారానికి ఎదురుగా రాకుండా తిప్పి అమర్చడం నేర్చుకున్నారు, పరిస్థితి మెరుగైంది.

తక్కువ వయసులోనే టావీ చేయించుకునేవారి విషయంలో ఇది మరింత పట్టించుకోదగ్గది. మూడు రేకులకు బదులు రెండే రేకుల కవాటంతో పుట్టినవారికి పదీ ఇరవై ఏళ్లు ముందే అది బిగుసుకుపోతుంది. అరవైల్లోనే టావీ చేయించుకున్న మనిషికి డెబ్బై అయిదో ఏట గుండెపోటు రాదని ఎవరు చెప్పగలరు? అలాంటివారికి, అందులోనూ మధుమేహంతో పాటు మూడు ధమనుల్లోనూ బ్లాకులు ఉంటే, బైపాస్‌తో కలిపి శస్త్రచికిత్సగా వాల్వు మార్చడం గురించి మాట్లాడకుండా టావీకి సిద్ధం చేయడం సరికాదని నా అభిప్రాయం. వాపిలో మెరిల్ సంస్థ తయారుచేస్తున్న మైవాల్ 2018లో అనుమతి పొందాక స్వదేశీ వాల్వు కూడా అందుబాటులోకి వచ్చింది. అది బెలూన్‌తో విప్పే పొట్టి చట్రం రకం.

ఏ వాల్వు వేసినా ఇంటికి పంపేటప్పుడు దాని రకం, సైజు రాసిన కార్డు ఒకటి ఇస్తారు. చాలా ఇళ్లలో అది పాత రిపోర్టుల సంచి అడుగున ఉండిపోతుంది. దాన్ని ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకుంటే, అర్ధరాత్రి గుండెపోటుతో వేరే ఊరి ఆసుపత్రిలో చేరినా అక్కడి డాక్టరు ఏ చట్రంలోంచి, ఏ ఆకారపు గొట్టంతో ప్రయత్నించాలో ముందే తెలుసుకోగలుగుతాడు.