యాభై చేదు పప్పుల కషాయం

చైనాలో ఫ్లూ వచ్చిన పిల్లలకు మందుతోపాటు కషాయం కూడా పట్టిస్తారట, అది పనిచేస్తుందా అని ఒక పాఠకురాలు అడిగారు. పట్టించే మాట నిజమే. అక్కడి ప్రభుత్వ ఫ్లూ చికిత్సా మార్గదర్శకాల్లోనే సంప్రదాయ వైద్యానికి ఒక భాగం కేటాయించారు. పిల్లలకు పెద్దల యోగాలనే, అంటే మూలికల మిశ్రమాలనే, మోతాదు సరిచేసి వాడవచ్చని, పిల్లలకని ప్రత్యేకంగా సూచించని తయారీ మందులు మాత్రం తగవని అందులో ఉంది.

పనిచేస్తుందా అన్నదానికి తరచుగా చూపే ఆధారం, 2009లో స్వైన్ ఫ్లూ వ్యాపించినప్పుడు 410 మందిపై జరిపి 2011లో ప్రచురించిన ప్రయోగం. జ్వరం తగ్గడానికి ఏ మందూ తీసుకోనివారికి మధ్యస్థంగా 26 గంటలు, ఫ్లూ వైరస్‌కు ఇచ్చే ఒసెల్టామివిర్ అనే మందు తీసుకున్నవారికి 20, పన్నెండు దినుసుల కషాయం తాగినవారికి 16, రెండూ తీసుకున్నవారికి 15 గంటలు పట్టింది. అంకెలు ఆశ కలిగించేవే. అయితే పోలికకు ఉత్తుత్తి కషాయం ఎవరికీ ఇవ్వలేదు. పైగా ఆ రోగుల్లో 15 ఏళ్ల లోపువారు ఒక్కరూ లేరు.

ఆ కషాయానికి మూలమైన రెండు యోగాల్లో పాతది, క్రీ.శ. 200 ప్రాంతపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పినది. అందులో ఉన్నవి నాలుగే: మా హువాంగ్ అనే ఎఫెడ్రా, ఎప్రికాట్ పప్పు, అతిమధురం, జిప్సం. ముందు ఎఫెడ్రాను ఏడు పాళ్ల నీటిలో ఐదు పాళ్లు మిగిలేదాకా కాచి, తేలిన నురగ తీసేసి, మిగిలినవి అప్పుడు వేసి రెండు పాళ్లకు దించాలి. పప్పులు యాభై, పొట్టూ మొనలూ తీసినవై ఉండాలి.

నన్ను కట్టిపడేసింది ఈ పప్పే. హైదరాబాదులో ఖుబానీ కా మీఠా పైన అలంకరించేది తీపి పప్పు, ఇది చేదుది. ఆ చేదు అమిగ్డలిన్ అనే పదార్థానిది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా అదే పప్పులో, వేరే గదిలో దాగి ఉంటుంది. పప్పును నలిపి చన్నీటిలో వేస్తే రెండూ కలుసుకుంటాయి. చక్కెర ఊడిపోయి, చివరికి బాదం వాసన వేసే బెంజాల్డిహైడ్, దానితోపాటు హైడ్రోజన్ సయనైడ్ మిగులుతాయి. అదే పప్పును సలసల కాగే నీటిలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, అమిగ్డలిన్ చెక్కుచెదరదు. పొట్టు తీయడానికి మరిగే నీటిలో ముంచే అలవాటు వల్ల ఈ పనే జరుగుతుంది. ఎంజైమ్ అన్న మాటే పుట్టని రోజుల్లో కుదిరిన పద్ధతి ఇది.

కథ పొయ్యి దగ్గర ముగియదు. మన పేగుల్లోని బాక్టీరియా దగ్గరా అలాంటి ఎంజైమ్ ఉంది కనుక, మిగిలిన అమిగ్డలిన్ నుంచి సయనైడ్ కడుపులో మెల్లగా వెలువడుతుంది. ఆ కొద్దిపాటి సయనైడే దగ్గును అణచుతుందని చైనా ఔషధశాస్త్ర గ్రంథాలు వివరిస్తాయి. అంటే ఇక్కడ మందూ విషమూ ఒకే అణువు. "మూలికే కదా, హాని ఉండదు" అనేవారికి నేను ఈ పప్పునే చూపిస్తాను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో వేసిన లెక్క ప్రకారం పచ్చి ఎప్రికాట్ పప్పులు పెద్దవారికి మూడు చిన్నవి మించకూడదు, పసిపిల్లలకు ఒక్క చిన్న పప్పే హద్దు దాటించవచ్చు. ఎఫెడ్రాలోని ఎఫెడ్రిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. జ్వరంలో పిల్లల గుండె ముందే పరుగులో ఉంటుంది.

మోతాదు సరిచేయడమంటే ఏమిటో ఒసెల్టామివిర్ విషయంలో స్పష్టంగా తెలుసు: ఏడాది దాటిన బిడ్డ 15 కిలోల లోపుంటే పూటకు 30 మిల్లీగ్రాములు, 23 కిలోల దాకా 45, 40 కిలోల దాకా 60, ఆపైన 75, రోజుకు రెండు పూటలు, ఐదు రోజులు. ఇంట్లో కాచే కషాయంలో ఎంత అమిగ్డలిన్ దిగిందన్నది పప్పును ఎంత నలిపారు, నీళ్లు ఎంత కాగాక వేశారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది.