నాలుగో ఏడు ఆయా జీతం ఎవరిస్తారు?

డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరే జబ్బు, వచ్చిన పెద్దవాళ్ల కోసం పనిచేద్దామని ఉత్తరాంధ్రలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రణాళిక రాయడానికి కూర్చుంటే రెండు విషయాలు ఎవరూ చెప్పకుండానే కాగితం మీదికి వచ్చేస్తాయి: ఒక భవనం, మూడేళ్ల బడ్జెట్. రెండూ జబ్బును చూసి వచ్చినవి కావు.

ముందు భవనం సంగతి. ఈ ప్రాంతంలో మతికి సంబంధించిన ఏ బాధకైనా తరతరాలుగా తెలిసిన గడప ఒక్కటే, 1871 నాటి విశాఖ మానసిక వైద్యశాల. ముసలితనపు మరుపుతో ఆ గడప తొక్కినవాళ్లు తక్కువ. 'చాదస్తం', 'పెద్దతనం' అని ఇంట్లోనే సర్దుకున్నారు. 1992లో కేరళలో అల్జీమర్స్, అలాంటి జబ్బుల బాధితుల కోసం ఆర్డ్‌సీ (ARDSI) అనే సంఘం పుట్టాకే దేశంలో దీని గురించి విడిగా మాట్లాడటం మొదలైంది. ఆ సంఘం 2010 నివేదిక దేశంలో బాధితులు 37 లక్షలని అంచనా వేసింది. 2023లో వెలువడిన మరో జాతీయ అధ్యయనం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని లెక్కగట్టింది. అందులోనూ ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. సేవలు మాత్రం ఎక్కువగా నగరాల్లోనే పెరిగాయి: డే కేర్, మెమరీ క్లినిక్, డబ్బు కట్టి ఉంచే హోమ్. మన ప్రణాళికల్లోకి దిగిన నమూనా అదే. పైగా దాతకు శిలాఫలకం కావాలి, ఆయా జీతానికి శిలాఫలకం వేయలేం కదా!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక మామూలు ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. కొడుకు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనిలో ఉంటాడు. కోడలు పలాస జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. అత్త పొద్దున్నే చీరలు మూటగట్టి "కన్నోరింటికి ఎల్లిపోతాను" అని వీధిలోకి వచ్చేస్తుంది. ఆ కన్నవారింట్లో ఇప్పుడు ఎవరూ లేరు. కోడలు తలుపుకు బయట గొళ్లెం పెట్టి పనికి పోవాలి, లేదా ఆ రోజు కూలి వదులుకోవాలి. గొళ్లెం పెట్టిన రోజు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ టెన్షనే. ఆ ఇంటికి జిల్లా కేంద్రంలో 20 పడకల హోమ్ కంటే పగలు ఆరు గంటలు వచ్చి కూర్చునే మనిషి, అంటే ఆయా, అవసరం.

అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు కథ వేరే దారిలో నడిచింది. రోగులు ఆసుపత్రులకు వెళ్లారు, లెక్కకు వచ్చారు, ఊళ్లు గొంతెత్తాయి. డయాలసిస్ రోగులకు పింఛను, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. డిమెన్షియా ఇల్లు దాటలేదు, అందుకే లెక్కలోకి రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో దాని పేరు విడిగా లేదు. పక్షవాతంతో మంచం పట్టినవారికి రాష్ట్రంలో పెద్ద పింఛను ఉంది. కానీ ఈ అత్త మంచం పట్టలేదు, నడుస్తుంది. చిక్కంతా ఆ నడకతోనే.

ఇక మూడేళ్లు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టు అయినా, మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని పక్కన పెడితే మూడేళ్లకు మించకూడదని నిబంధన. డిమెన్షియా చాలామందిలో, బయటపడ్డాక నాలుగు నుంచి ఎనిమిదేళ్లు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కంపెనీ స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. దాంతో పైడిభీమవరం ఫార్మా ఫ్యాక్టరీల చుట్టుపక్కల డబ్బు దొరకవచ్చు, సీతంపేట కొండల్లో కష్టం. విదేశీ విరాళాల దారి ఆ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఇరుకైంది. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. నగరంలోని పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇక్కడి చిన్న సంస్థకు పంచే వీలూ పోయింది. ఈ చివరిదే మన జిల్లాలకు ఎక్కువ దెబ్బ అని నా అభిప్రాయం.

కాబట్టి ప్రణాళిక రాసేవాళ్లు భవనం పేజీని చివరికి నెట్టి, ముందు మూడు ప్రశ్నలు తేల్చుకోవాలి. ఊళ్లో ఆశా కార్యకర్తకు ఈ జబ్బు గుర్తుపట్టడం ఎవరు నేర్పుతారు? మందులు రాసే డాక్టరు నెలకోసారైనా మండలానికి వస్తారా? కంపెనీ డబ్బు ఆగిపోయిన నాలుగో ఏట ఆయా జీతం ఏ ఖాతాలోంచి వస్తుంది? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి ఏడాది 50 ఇళ్లు ఒప్పుకోవడం కంటే 12 ఇళ్లు ఒప్పుకుని, మిగిలిన సొమ్ములో నిబంధనలు లేని స్థానిక విరాళాలను నిధిగా దాచుకోవడం మేలు.