నడిచొచ్చే చుట్టాలు

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చి వెళ్తూ కారెక్కే ముందు నువ్వు అడిగిన మాట పది రోజులుగా నా మనసులోనే ఉంది తల్లీ. "ఆపిల్స్, బాదం, ఓట్స్ అన్నీ అంత రేటు కదా తాతయ్యా, మరి డబ్బుల్లేనివాళ్ళు హెల్దీగా ఎలా ఉంటారు?" అన్నావు. కారు కదిలిపోయింది, జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చే చుట్టాల్ని తలుచుకోండి. పక్కూరి మేనత్త నడిచొస్తుంది, దారిఖర్చు లేదు. ఢిల్లీ నుంచి బాబాయి రావాలంటే రైలు టికెట్టు, ఆటో, దారిలో భోజనం. ఆపిల్ హిమాచల్‌లోనో కాశ్మీరులోనో బయల్దేరి, దారిలో చల్లటి గోదాముల్లో నిద్రచేసి, సుమారు 2,000 కిలోమీటర్లు ప్రయాణం చేసి మీ హైదరాబాదులో దిగుతుంది. ఆ ఖర్చంతా మీ నాన్న జేబులోంచే. జామకాయ మన మేనత్త. ఆపిల్ కంటే ఎన్నో రెట్లు సి విటమిన్ కొంగున కట్టుకుని వస్తుంది.

కొందరు చుట్టాలు పట్టుబట్టల్లో దిగుతారు. రంగు డబ్బాలో వచ్చే రాగిమాల్ట్ అలాంటిదే. డబ్బా వెనక్కి తిప్పి చూడండి. ఏది ఎక్కువ కలిపితే ఆ పేరు ముందు రాయాలని నిబంధన. చక్కెర ముందు వరసలో ఉంటే, రాగుల పేరు చెప్పి చక్కెర అమ్ముతున్నట్టే. గ్రాము ధర ఎంతో కూడా ఇప్పుడు ప్యాకెట్ల మీద వేస్తున్నారు. అక్షరాలు చిన్నవి, మీ కళ్ళు మంచివి, చదివి అమ్మకి చెప్పండి. విడి రాగులు తెచ్చి కడిగి, మొలకకట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తే ఇంట్లోనే తయారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో 120 దగ్గర. వేరుశనగ గుళ్ళు కూడా మాంసకృత్తుల్లో బాదానికి ఏమీ తీసిపోవు.

అలాగని చవగ్గా వచ్చిందల్లా సంచిలో వేసుకోకూడదు. నా తొమ్మిదో ఏట అమ్మ అర్ధరూపాయి ఇచ్చి సంతలో వంకాయలు తెమ్మంది. పొద్దుగూకితే ధర దిగుతుందని ఎవరో అంటే విని, దీపాలు పెట్టేదాకా చింతచెట్టు కింద కూర్చున్నాను. నిజంగానే కుప్ప సగం ధరకే వచ్చింది, కొసరు కూడా వేశారు. గంతులేస్తూ ఇంటికెళ్ళాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కోస్తుంటే సగానికి పైగా పుచ్చులే. తిట్టలేదు. పుచ్చులు గేదెకి వేసి, "మంచికాయ ఒక్కోటి ఎంత పడిందో లెక్క చెప్పరా" అంది. వేళ్ళు మడిచి లెక్కేస్తే పొద్దున్నే కొన్నవాళ్ళకంటే నాకే ఎక్కువ పడింది. ఇప్పటికీ వంకాయ చేతిలోకి తీసుకుంటే తిప్పి తిప్పి బెజ్జం వెతుకుతాను.

చుట్టాలంతా పండగలకి వచ్చినట్టే కూరగాయలూ వాటి కాలానికి వస్తాయి. ఎల్లుండి రథసప్తమి. చిక్కుడుకాయలతో రథం ఎందుకు చేస్తామో చూడండి, ఈ రోజుల్లో పందిరి నిండా అవే. ఉగాదికి కొత్త చింతపండు, మామిడి పిందెలు, వేపపువ్వు. ఏ నెలలో ఏం తినాలో పండగలోనే పెట్టి మనకి అప్పజెప్పిన ఆ పెద్దవాళ్ళని తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఆశ్చర్యమే. కాలం కాని కాలంలో పట్టుబడితేనే చిక్కు. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు మీ నాయనమ్మ ఒక్కటీ కొనలేదు. గోంగూర పప్పు, చింతచిగురు, నిమ్మకాయ పులిహోర. ఆ నెల మనింట్లో ఎవరికీ టమాటా గుర్తే రాలేదు.

ఈ ఆదివారం నాన్నని లేపి ఎర్రగడ్డ రైతుబజారుకి తీసుకెళ్ళండి. రైతులే తెచ్చి నేరుగా అమ్ముకోవాలని 1999లో ఈ బజార్లు మొదలుపెట్టారు. ముందు ధరల బోర్డు చదవండి. తర్వాత లోపలంతా ఒక చుట్టు తిరిగి, ఏ కుప్ప అన్నిటికంటే ఎత్తుగా ఉందో చూడండి. కొన్నాక బుజ్జిగాడు కొసరు అడగాలి, గట్టిగా కాదు, నవ్వుతూ. కరివేపాకు రెబ్బ ఇచ్చినా తీసుకోండి.

ఎత్తు కుప్ప ఏదో నాకు రాయండి. చిక్కుడుకాయలే అని నా లెక్క.

మీ తాతయ్య