పదకొండో వరస దగ్గర ఆగిన బొంత

ఈ సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ట్రంకు పెట్టె అడుగున నా బొంత బయటపడింది. నాయనమ్మ కట్టి వదిలిన నూలు చీరలు నాలుగింటిని పొరలుగా పరిచి మొదలుపెట్టిన బొంత అది. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అంగుళం ఎడంతో నిలువునా 48 వరసలు కుట్టాలి. ఆరేళ్ల కిందట 11 వరసలు కుట్టి ఆపేశాను. ఆపిన చోటే సూది గుచ్చి ఉంది. లాగితే రాలేదు. మెల్లగా తిప్పుతూ తీశాక చూస్తే దాని చుట్టూ గోధుమరంగు మరక. గోరు తగలగానే ఆ మేరకు పోగులు పొడిగా రాలిపోయాయి.

నూలంటే దాదాపు అంతా సెల్యులోజే, మొక్కల పోగుల్లో గొలుసులుగా ఉండే పదార్థం. తేమ తగిలే చోట ఇనుము తుప్పు ఆ సెల్యులోజు గొలుసులు తెగిపోవడాన్ని వేగిరపరుస్తుంది. పెట్టెలో ఉండగానే ఆరు వానాకాలాలు గడిచాయి మరి. పని ఎన్నాళ్లు ఆపినా ఫరవాలేదు గానీ సూదిని మాత్రం గుడ్డలో వదిలి వెళ్లకూడదు.

ఇలా సగంలో ఆగిన పని కంటపడగానే మనం ముందు చేసేది మనల్ని మనం తిట్టుకోవడం. బద్ధకం అంటాం, ఆరంభశూరత్వం అంటాం. చాలాకాలం నేనూ అదే అనుకున్నాను. మనసు ఎలా పనిచేస్తుందో పరిశీలించిన వాళ్ల ప్రయోగాల గురించి చదివాక ఆ మాట మీద నమ్మకం పోయింది. తప్పు మనిషి స్వభావంలో కన్నా పనిని పరిచిన తీరులోనే ఎక్కువ ఉందని ఇప్పుడు నా అభిప్రాయం.

బెర్లిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ దగ్గర చదువుకున్న బ్లూమా జైగార్నిక్ 1927లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించింది. మనుషులను కూర్చోబెట్టి, పూసలు గుచ్చడం, మట్టిబొమ్మ చేయడం, చిక్కుప్రశ్న విప్పడం లాంటి చిన్న చిన్న పనులు 20 దాకా ఇచ్చేది. వాటిలో సగం పూర్తి చేయనిచ్చి, మిగతా సగాన్ని మధ్యలో ఆపించేది. తర్వాత ఏమేం చేశారో చెప్పమంటే, పూర్తయిన వాటికి దాదాపు రెట్టింపుగా ఆగిపోయినవి గుర్తుచేసుకున్నారు. ఈ ఫలితం ఎంతో పేరు పొందింది. కానీ తర్వాతి వాళ్లు మళ్లీ చేసి చూస్తే జ్ఞాపకంలోని ఆ తేడా ఒకచోట కనబడింది, ఒకచోట కనబడలేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది అదే గురువు దగ్గర పనిచేసిన మరియా ఓవ్‌సియాంకినా. ఆమె 1928లో అడిగిన ప్రశ్న వేరు. పని మధ్యలో ఆపించి, ఆ తర్వాత మనిషిని తన మానాన తనను వదిలేస్తే ఏం చేస్తాడు? ఎవరూ చెప్పకపోయినా, ఏ బహుమానమూ లేకపోయినా, చాలామంది తిరిగి ఆ పని దగ్గరికే వెళ్లారు. ఈ ఫలితం జైగార్నిక్ ఫలితం కన్నా గట్టిగా నిలబడింది. అంటే పూర్తి చేయాలన్న కోరిక మనలో చచ్చిపోదు, దారి తెరిచి ఉంటే చాలు, చెయ్యి తనంతట తానే అటు పోతుంది. ఆ ప్రయోగంలో వదిలేసిన పని ఎదురుగా బల్ల మీదే ఉంది. నా బొంత మాత్రం పెట్టె అడుగున, దుప్పట్ల కింద, తాళం వెనక ఉంది.

అయితే కళ్లెదుట పెట్టుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. దండెం మీద వేలాడే సగం బొంత చూసినప్పుడల్లా మనసును పొడుస్తుంది. ఈజే మాసికాంపో, రాయ్ బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఇలాంటి పోటునే పరీక్షించారు. తీరని పనిని తలపుకు తెచ్చినవాళ్లకు చదువుతున్న దాని మీద ధ్యాస నిలవలేదు. అదే పనిని ఎప్పుడు, ఎలా చేస్తారో వివరంగా రాయించిన తర్వాత ఆ అడ్డంకి పోయింది. గమనించండి, వాళ్లు పని పూర్తి చేయలేదు, మొదలైనా పెట్టలేదు. ఫలానా వేళ ఫలానా విధంగా అని మనసుకు చెప్పారంతే. నా మటుకు ఆ వేళ సాయంత్రం టీ గ్లాసు కడిగి బోర్లించాక. అప్పుడు ఒక బారెడు దారం సూదిలోకి ఎక్కించి, అది అయిపోయేదాకా కుట్టి, సూది తీసి డబ్బాలో పెట్టేస్తాను. బారెడు దారం అంటే నా కుట్టుకు సుమారు 5 అడుగులు. దాన్ని మించి కుట్టాలనిపించినా కుట్టను. రేపటికి కాస్త ఆకలి మిగలాలి.

ఇంతకీ పదకొండో వరస దగ్గరే ఎందుకు ఆగింది? దీనికి జవాబు ఎలుకల దగ్గర మొదలవుతుంది. తిండి దగ్గరపడే కొద్దీ ఎలుక పరుగు వేగం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ 1930ల తొలినాళ్లలో చూపించాడు. మనుషులూ అంతే, గమ్యం కనబడితే కాళ్లకు బలం వస్తుంది. పని కొత్తగా మొదలైనప్పుడు కూడా ఉత్సాహం ఉంటుంది, ఎందుకంటే అప్పుడు బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరం వచ్చామో చూసుకుంటాం. రెండో వరస కుడితే పని రెట్టింపైనట్టే. పదకొండు నుంచి పన్నెండుకు వెళితే తేడా కంటికి ఆనదు. అటు చూస్తే ఇంకా 37. మొదలు వెనకబడిపోయింది, చివర ఇంకా కనబడలేదు. సరిగ్గా ఆ నడిమి ఎడారిలోనే సూది ఆగింది.

జోసెఫ్ నూనెస్, జేవియర్ డ్రెజ్ 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. కార్లు కడిగే చోట, కడిగించుకున్న ప్రతిసారీ ఒక ముద్ర వేసే కార్డులు 300 పంచారు. సగం మందికి 8 ముద్రలు పడితే ఒకసారి ఉచితమన్నారు. మిగతా వాళ్లకు 10 ముద్రలు కావాలన్నారు గానీ, 2 ముద్రలు ముందే వేసి ఇచ్చారు. రెండు జట్లూ కడిగించుకోవాల్సింది ఎనిమిది సార్లే. మొదటి జట్టులో 19 శాతం మంది పూర్తి చేస్తే, రెండో జట్టులో 34 శాతం మంది చేశారు. అందుకే ఆగిన బొంతను విప్పి మొదటి నుంచి కుడదామనే ఆలోచన వస్తే తోసెయ్యాలి. వంకరటింకరగా ఉన్నా సరే, ఆ 11 వరసలూ ముందే పడిన ముద్రలు.

అమెరికాలో క్విల్టులనే పొరల బొంతలు కుట్టేవాళ్లు ఆగిపోయిన పనులను యూఎఫ్ఓలు అంటారు. ఎగిరే పళ్లేలని కాదు, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్స్, అంటే పూర్తికాని వస్తువులని అర్థం. వాళ్ల దగ్గర ఎక్కువగా ఆగేది ఒకే మలుపులో. రంగురంగుల ముక్కలు అతికి చేసిన పై పొర సిద్ధమవుతుంది, కింద దూది పొర, దాని కింద అడుగు గుడ్డ చేర్చి మూడింటినీ కలిపి కుట్టే ఘట్టం దగ్గర చెయ్యి నిలిచిపోతుంది. ముక్కలు అతికేటప్పుడు పూటకో కొత్త రంగు, కొత్త ఆకారం చేతికొస్తుంది. పొరలు కలిపే కుట్టులో అలాంటి కానుకలు అరుదు. ఆనందమంతా మొదటి అంకంలో ఖర్చయిపోయి, రెండో అంకానికి ఓర్పు ఒక్కటే మిగులుతుంది.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీ స్త్రీలు కుట్టే కవంద్ బొంతలో ఈ రెండు అంకాలు లేవు. ఆఫ్రికా నుంచి శతాబ్దాల కిందట పశ్చిమ తీరానికి తీసుకురాబడిన వాళ్ల సంతతి ఈ సిద్దీలు. అడుగు గుడ్డ పరిచి, ఒక మూలన మొదలుపెట్టి, పాత బట్టల ముక్కను అంచుకు ఆనించి, అన్ని పొరలనూ కలిపి అక్కడికక్కడే కుట్టేస్తారు. పక్కన ఇంకో ముక్క. ఇలా అంచు వెంట చుట్టూ తిరిగి, క్రమంగా లోపలికి వస్తూ, నడిమికి చేరేసరికి బొంత అయిపోతుంది. విడిగా పై పొర ఉండదు, విడిగా అంచు కట్టే పనీ ఉండదు. ‘అతుకుల బొంత’ అని మనం తక్కువ చేసి మాట్లాడే మాట ఇలాంటి నేర్పు చూశాక నోట రావడానికి మొహమాటపడుతుంది.

ఆ చుట్టులోనే నాకు దారి దొరికింది. నా బొంతలో మిగిలిన భాగం 72 అంగుళాల పొడవు, 37 అంగుళాల వెడల్పు. నిలువు వరసలైతే 37, ప్రతిదీ 6 అడుగులే, మొత్తం 222 అడుగులు. అదే చోటును అంచు నుంచి లోపలికి అంగుళం ఎడంతో చుట్లుగా కుడితే 19 చుట్లు, మొత్తం సుమారు 231 అడుగులు. దారం దాదాపు అంతే, శ్రమా అంతే. కానీ మొదటి చుట్టు 18 అడుగులు, ఆ తర్వాత ఒక్కో చుట్టుకు 8 అంగుళాలు తగ్గుతూ, చివరి చుట్టు 6 అడుగులకు వస్తుంది. పదో చుట్టు పూర్తయ్యేసరికే కుట్టులో మూడింట రెండు వంతులు అయిపోతాయి. నడిమి ఎడారి మాయమై, దాని బదులు రోజురోజుకూ కుదించుకుపోయే ఒక కుట్టని గుడ్డ ముక్క కళ్లెదుట ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అంచు నుంచి లోపలికి కుడితే గుడ్డలోని వదులంతా నడిమికి చేరి ఉబ్బుతుంది. విడిగా పై పొర ఉన్న క్విల్టును నడుమ నుంచి బయటికి కుట్టమనేది ఇందుకే. అందుకని ముందే జానెడు ఎడంలో అంతటా టాకాలు వేసి, ముడతలు సాపు చేసుకున్నాను.

అన్నీ పూర్తి చేయాలా అంటే, వద్దు. అందుకోలేని లక్ష్యాన్ని వదిలిపెట్టి ఇంకోదాని మీదకు మళ్లగలిగేవాళ్లు మనసు పరంగా మెరుగ్గా ఉంటారని కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త కార్‌స్టన్ రోష్ పరిశోధనలు చూపాయి. పెట్టెలో నా రెండో బొంత కూడా ఉంది. పట్టు, నూలు, నైలాన్ కలిపి మొదలుపెట్టింది. ఒక్కోటి ఒక్కోలా కుదించుకుపోతుంది, ఒకే సూది అన్నిటికీ దిగదు. దాన్ని మళ్లీ పెట్టెలో పడేయకుండా, పనికొచ్చే నూలు భాగం కత్తిరించి తీశాను. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. పెద్ద బొంతలో నాలుగో వంతు. మా చెల్లెలి పాపకు పక్క గుడ్డగా వారంలో అయిపోయింది. మిగతా ముక్కలు పని మనిషి అడిగితే కాళ్లు తుడుచుకోవడానికి ఇచ్చేశాను. ఆ పెట్టెలో ఖాళీ కనబడిన రోజు నిజంగా గుండె తేలికైంది.

నూలు చీరల బొంత ఇప్పుడు పదమూడో చుట్టులో ఉంది. తుప్పు మరక పడిన చోట నాయనమ్మ చీర కొంగు నుంచి కత్తిరించిన చిన్న ముక్క వేశాను. నడిమిన కుట్టు పడని పట్టీ మిగిలింది, నీలం పూల చీర అక్కడ ఇంకా వదులుగా ఊగుతోంది. టీ గ్లాసు బోర్లించి వచ్చాను, సూదిలో దారం ఎక్కించాలి.