మోత ఎక్కువ, గాలి తక్కువ

కారు ఏసీ సరిగా పనిచేయడం లేదని చెప్పగానే చాలా షెడ్లలో మొదట వినిపించే మాట "గ్యాస్ తగ్గింది, నింపాలి" అన్నదే. గాలి చల్లగా లేకపోవడం వేరు, గాలే సరిగా రాకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల అవసరం లేని గ్యాసుకు డబ్బు పోసి, అదే ఉక్కపోతతో ఇంటికి తిరిగివచ్చేవారు ఉంటారు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్‌ల మధ్య మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ చల్లదనాన్ని తయారుచేస్తుంది. దానిని మన ముఖం దాకా మోసుకొచ్చే గాలి దారి పూర్తిగా వేరు. ఒక్క సందర్భంలో తప్ప గాలి జోరుకూ గ్యాసుకూ సంబంధం లేదు.

ముందు అద్దం అడుగున వైపర్ల దగ్గరున్న జాలీ నుంచి గానీ, రీసర్క్యులేషన్ మీట నొక్కినప్పుడు కారు లోపలి నుంచే గానీ బయలుదేరిన గాలి క్యాబిన్ ఫిల్టర్‌ను, గాలిని తోసే ఫ్యాన్ అయిన బ్లోయర్‌ను, కూలింగ్ కాయిల్‌ను దాటి, దారి మళ్లించే చిన్న తలుపుల మీదుగా వెంట్లకు చేరుతుంది. ఇందులో ఎక్కడ అడ్డుపడినా ఫలితం ఒకటే కనుక, ఏదీ విప్పకముందే అడ్డు ఎక్కడుందో ఊహించడానికి చెవి బాగా పనికొస్తుంది. బ్లోయర్ చక్రం గాలిని నడుమ నుంచి పీల్చి అంచుల వైపు విసురుతుంది. దారి మూసుకుపోతే విసరవలసిన గాలి తగ్గుతుంది, దానితో మోటారు మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి అరచెయ్యి అడ్డుపెట్టినప్పుడు దాని కూత పెరగడానికి కారణం ఇదే. అందువల్ల మోత బాగా ఉండి గాలి తక్కువగా వస్తుంటే దారిలో అడ్డు ఉన్నట్టు, మోతా గాలీ రెండూ తగ్గితే మోటారునో దానికి అందే కరెంటునో అనుమానించవలసినట్టు లెక్క.

అడ్డు అనగానే మొదట చూడవలసింది క్యాబిన్ ఫిల్టర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్‌ను ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దించితే దాని వెనుక సన్నని మూత కనిపిస్తుంది; మూత తీసి ఫిల్టర్‌ను బయటకు లాగవచ్చు. చెట్టు కింద నిలిపే కారులోనైతే మడతల మధ్య వేపాకు ఈనెలు, కానుగ పూలు, దోమలు, వాటన్నిటినీ పట్టి ఉంచిన బూడిదరంగు దుమ్ము పొర కనిపిస్తాయి. ఎలుక దూరిన కారైతే కొరికిన స్పాంజి ముక్కలు కూడా దొరుకుతాయి. ఏడాదికోసారి, లేదా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకోసారి ఫిల్టర్ మార్చడం సాధారణ పద్ధతి. మట్టి రోడ్ల మీద, వరికోతల కాలంలో ఎక్కువగా తిరిగే బండికి అంతకన్నా ముందే మార్చాలి. షెడ్డులో గాలి కొట్టి మళ్లీ బిగించడం నాకు నచ్చని పని: పైపై దుమ్ము ఎగిరిపోతుంది గానీ, పోగుల మధ్య ఇరుక్కున్నది అలాగే ఉంటుంది, పైగా ఆ జోరుకు పోగులు చినిగిపోవచ్చు. ఫిల్టర్ తీసి కొద్ది నిమిషాలు బ్లోయర్ నడిపినప్పుడు గాలి ఒక్కసారిగా పెరిగితే దోషం దానిదేనని తేలిపోతుంది. అయితే ఫిల్టర్ లేకుండా తిరగడం మంచిది కాదు. గాలిలోని తేమ నీరై పట్టడం వల్ల కూలింగ్ కాయిల్ రేకులు ఏసీ నడుస్తున్నంతసేపూ తడిగా ఉంటాయి. వాటికి అంటుకున్న దుమ్మును వదిలించాలంటే ఒక్కోసారి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసి వస్తుంది.

ఇక గ్యాసుకు సంబంధమున్న ఆ ఒక్క సందర్భం. హైదరాబాద్‌లో బయలుదేరినప్పుడు బాగానే వీచిన గాలి సూర్యాపేట దాటేసరికి సన్నగిల్లి, కారు ఆపి భోజనం చేసి వచ్చాక మళ్లీ మామూలుగా వస్తోందంటే కాయిల్ మీద మంచు కడుతోందని అనుమానించాలి. ఇప్పటికీ ఎన్నో కార్లలో ఉన్న ఆర్-134ఎ అనే ఏసీ గ్యాస్, వాతావరణ పీడనానికి సుమారు మూడు రెట్ల పీడనంలో 0 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. గ్యాస్ కొంత కారిపోయి కాయిల్‌లో పీడనం ఇంకా పడిపోతే మరిగే ఉష్ణోగ్రత సున్నా కన్నా దిగువకు జారి, రేకుల మీది నీరు గడ్డకట్టి సందులను మూసేస్తుంది. కాయిల్ మరీ చల్లబడకుండా కంప్రెసర్‌ను ఆపించవలసిన సెన్సర్ చెడినా జరిగేది ఇదే. ఏసీ మీట ఆపి, బ్లోయర్‌ను మాత్రం నడవనిస్తే మంచు కరిగి, కారు కింద నీళ్లు ధారగా కారి, పావుగంటలో గాలి తిరిగి వస్తుంది. అది తాత్కాలికమే. గ్యాస్ ఎక్కడ కారుతోందో చూడకుండా నింపించడం కూడా అంతే తాత్కాలికం.

వెంట్ల నుంచి రావలసిన గాలి కాళ్ల దగ్గరో అద్దం మీదో వీస్తుంటే దారి మళ్లించే తలుపు ఇరుక్కున్నట్టు. డ్యాష్‌బోర్డు వెనుక టకటకమనే చప్పుడు దానిని తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగాయనడానికి గుర్తు. చేతితో వేగం మార్చే ఏసీల్లో తక్కువ వేగాలేవీ పనిచేయక, అన్నిటికన్నా పై వేగం ఒక్కటే పనిచేస్తే కాలిపోయింది బ్లోయర్ రెసిస్టర్, అంటే కరెంటును కొంత అడ్డుకుని మోటారు వేగం తగ్గించే భాగం. ఆ పై వేగంలో కరెంటు రెసిస్టర్‌ను తాకకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది. రెసిస్టర్‌ను గాలి దారిలోనే అమర్చుతారు, దాని వేడిని చల్లార్చేది కూడా బ్లోయర్ గాలే. కాబట్టి కొత్త రెసిస్టర్ వేయించే రోజునే ఫిల్టర్‌నూ చూడాలి, లేకపోతే కొత్తదీ త్వరలోనే కాలిపోవచ్చు. కొత్తది బిగించే ముందు దాని ప్లగ్‌లో నల్లబడిన పిన్నులు, కరిగిన ప్లాస్టిక్ ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ ప్లగ్‌ను కూడా మార్పించాలి.