రాజుగారి బండి చిన్న స్టేషన్‌లో ఆగితే: అపోహలు - వాస్తవాలు

నిడదవోలు - భీమవరం మార్గం ఇంకా సింగిల్ లైనుగా ఉన్న రోజుల్లో ఆ దారిలోని ఒక చిన్న స్టేషన్‌లో నేను మాస్టరుగా పనిచేశాను. జనరల్ మేనేజరు గారి తనిఖీ స్పెషల్ వచ్చినా సరే, కాలువ అవతల ఊడ్పుల్లో ఉన్నవారు నడుము ఎత్తి "రాజుగారి బండి" అనేవారు.

అంతటివారి రైలు చిన్న స్టేషన్లలో ఆగదన్నది మొదటి అపోహ. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2021 జూన్ 25న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ నుంచి కాన్పూర్‌కు ప్రత్యేక రైలులో వెళ్తూ, తన స్వగ్రామం పరౌంఖ్‌కు దగ్గరలోని ఝీంఝక్, రూరా స్టేషన్లలో ఆగి పాత పరిచయస్తులను కలిశారు. 2006లో కలాం గారు డెహ్రాడూన్ వెళ్లాక ఒక రాష్ట్రపతి రైలెక్కడం మళ్లీ అప్పుడే. బ్రిటన్ రాచరైలైతే రాత్రివేళ ఏదో ఒక మారుమూల సైడింగులో, అంటే ప్రధాన మార్గం పక్కనుండే విడి పట్టాల మీద, ఆగేది. రాజకుటుంబీకులు అందులోనే నిద్రించేవారు.

ఆ బండి కోసం మిగతా రైళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయన్నది రెండో అపోహ. దానికి ప్రాధాన్యం ఉంటుంది కనుక అడ్డొచ్చే బండిని స్టేషన్‌లోని పక్క పట్టాల మీద, అంటే లూప్ లైనులో, నిలబెడతారు, అంతే.

ఆ రోజు మాస్టరుకు తివాచీ, పూలదండలే పని అనుకోవడం మాత్రం నాకు నచ్చని అపోహ. రాష్ట్రపతి స్థాయి ప్రయాణమైతే ముందుగా ఒక పైలట్ బండి నడుస్తుంది. బండికి ఎదురయ్యే పాయింట్లకు, అంటే బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే కదిలే పట్టాలకు, క్లాంపు బిగించి తాళం వేస్తారు. గేట్ల దగ్గర మనుషులను నిలబెడతారు. వీటన్నిటికీ పద్ధతులు రాసిపెట్టి ఉన్నాయి. అసలు చిక్కు తివాచీకి ఎదురుగా సెలూను (ఆ పెద్దవారు ప్రయాణించే ప్రత్యేక పెట్టె) తలుపు ఆగేలా చూడడంలో ఉంది. ఒక్కో పెట్టె 22 మీటర్ల పైచిలుకు పొడవుంటుంది కాబట్టి, వరుసలో ఒక పెట్టె అటూ ఇటూ అయినా లెక్క మొత్తం తప్పుతుంది. అందుకే ప్లాట్‌ఫారం మీద సున్నంతో గీత గీసి, ఇంజను ఆగవలసిన చోట ఎర్రజెండాతో మనిషిని నిలబెడతాం.

ఒక తనిఖీకి సెలూను ఇంజను వైపు ఉంటుందని కబురొస్తే, ఆ ప్రకారమే తివాచీ పరిచాం. దారిలో ఒక జంక్షన్‌లో ఇంజనును రెండో కొసకు మార్చడంతో సెలూను తోక వైపుకు వెళ్లిపోయింది; ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. గీత దగ్గర ఇంజను సరిగ్గానే ఆగింది, సెలూను తలుపు మాత్రం మంచినీళ్ల కుళాయి ఎదుట తెరుచుకుంది. అక్కడి బురదలోనే దిగిన అధికారి, దూరంగా పూలదండ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, తానే నడుచుకుంటూ తివాచీ దగ్గరకు వచ్చారు.